ఫ్లాట్‌లో కుక్కనో పిల్లినో పెంచాలనుకుంటే

పిల్లలు కుక్కపిల్ల కావాలని మారాం చేస్తారు. పుట్టినరోజుకో, వేసవి సెలవుల్లోనో అది ఇంట్లోకి వచ్చేస్తుంది. మొదట్లో అందరూ దాని చుట్టూనే. స్కూళ్ళు తెరిచాక, పొద్దున్నే దాన్ని కిందికి ఎవరు తీసుకెళ్ళాలన్న దగ్గర గొడవ మొదలవుతుంది. చాలా ఇళ్ళల్లో ఆ పని చివరికి అమ్మ నెత్తిన పడుతుంది. తెచ్చే ముందు ఆవిడను అడిగినవాళ్ళు మాత్రం ఉండరు.

కుక్కను మీరు ముచ్చటపడి తెచ్చుకుంటారు. ఇంట్లో ఆ అమ్మ, పై ఫ్లాట్ పెద్దాయన, వాచ్‌మన్ పిల్లలు, పార్సిల్ తెచ్చే కుర్రాడు దాన్ని కోరుకోలేదు. జంతువును బాగా చూసుకోవడం ఎంత పనో, దాన్ని కోరుకోనివాళ్ళకు దానివల్ల ఇబ్బంది రాకుండా చూడటమూ అంతే పని. మొదటిది చాలామంది చక్కగా చేస్తారు. గొడవలన్నీ రెండోదాని దగ్గరే. అందుకే ఈ రెండూ కలిపి చెబుతున్నాను.

తెచ్చే ముందు తేల్చుకోవాల్సినవి

ఒక కాగితం తీసుకుని పనులు రాయండి: పొద్దున తిప్పడం, సాయంత్రం తిప్పడం, తిండి, పెంట ఎత్తడం, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడం, ఊరెళ్ళినప్పుడు చూసుకోవడం. ఒక్కో పని పక్కన ఒక పేరు రాయండి. "అందరం చూసుకుంటాం" అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు, ఆ మాటకు అర్థం ఎవరూ చూసుకోరని. పన్నెండేళ్ళలోపు పిల్లల పేరు పక్కన తప్పకుండా ఒక పెద్దవాళ్ళ పేరు కూడా ఉండాలి.

తర్వాత లెక్క చూసుకోండి. కుక్కలు మామూలుగా పది నుంచి పదిహేనేళ్ళు బతుకుతాయి. ఇంట్లోనే ఉండే పిల్లి పదిహేనేళ్ళు దాటడం వింతేమీ కాదు. ఏడో తరగతి పిల్లవాడి కోసం తెచ్చిన కుక్క, వాడు ఎమ్మెస్‌కని అమెరికా వెళ్ళాక కూడా మీతోనే ఉంటుంది. అప్పటికి మీకెంత వయసుంటుంది, అరవై దాటాక పాతిక కిలోల కుక్కను పట్టుకుని నడవగలరా అన్నది ఇప్పుడే ఆలోచించాలి.

అద్దె ఇల్లయితే ఓనరు ఒప్పుకున్నట్టు అగ్రిమెంట్‌లో రాయించుకోండి. నోటిమాట నమ్మి తెచ్చుకున్నాక "ఖాళీ చేయండి" అంటే చేసేదేమీ ఉండదు. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సంగతి వేరు. భారత జంతు సంక్షేమ బోర్డు 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అసోసియేషన్లు పెంపుడు జంతువులను నిషేధించకూడదు, లిఫ్ట్ ఎక్కనివ్వమని అనకూడదు. అవే మార్గదర్శకాలు శుభ్రత, ఇతరుల ఇబ్బంది విషయంలో యజమానులకూ బాధ్యతలు చెప్పాయి. చాలామంది మొదటి సగం ప్రింట్ తీసి వాట్సాప్ గ్రూపులో పెడతారు, రెండో సగం చదవరు.

ఏది తెచ్చుకోవాలి

మే నెల విజయవాడలో ఎండ 45 డిగ్రీల దాకా వెళ్ళగలదు. అక్కడ చలిదేశాల జాతులైన హస్కీని, సెయింట్ బెర్నార్డ్‌ను పెంచాలనుకోవడం నా దృష్టిలో దానికి శిక్ష వేయడమే. ఇరవై నాలుగు గంటలూ ఏసీ ఉన్నా అది బయట తిరగాల్సిన జంతువు. పగ్ లాంటి చప్పిముక్కు జాతులకు మామూలు రోజుల్లోనే ఊపిరి కష్టం, ఎండాకాలంలో ఇంకా ప్రమాదం.

మన వాతావరణానికి మన వీధికుక్క పిల్లను మించింది లేదు. వెంట్రుకలు పొట్టి, రోగాలను తట్టుకునే శక్తి ఎక్కువ, తెలివి పుష్కలం. కొల్లేరు చుట్టుపక్కల పల్లెల్లో బాతుల మందలు కాసే జోనంగి కూడా మన జాతే. పొట్టి నున్నటి వెంట్రుకలతో ఎండకు బాగా నిలుస్తుంది. కాకపోతే అది పరిగెత్తే కుక్క, గుంతలు తవ్వడం దాని సరదా. రెండు గదుల ఫ్లాట్‌లో కట్టేస్తే సోఫా మిగలదు.

ఇంట్లో అందరూ పొద్దున తొమ్మిదికి వెళ్ళి రాత్రి ఎనిమిదికి వచ్చేవాళ్ళయితే కుక్క వద్దు. అది తోడు లేకుండా ఉండలేదు. పెద్ద వయసు పిల్లి ఒకటో, కలిసి పెరిగిన రెండు పిల్లులో అలాంటి ఇంట్లో సర్దుకోగలవు.

కొనాలనే అనుకుంటే ఒక్క విషయం చూడండి. 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల ప్రకారం బ్రీడర్ రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదై ఉండాలి, ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. "ముప్పై అయిదు రోజుల పిల్ల, చాలా యాక్టివ్" అని ఫోన్‌లో ఫొటో పంపేవాడు ఆ మాటతోనే నిబంధన దాటాడు. తల్లి దగ్గర, తోబుట్టువుల మధ్య ఆడుకుంటూనే కుక్కపిల్ల ఎంత గట్టిగా కొరికితే అవతలివాళ్ళకు నొప్పో నేర్చుకుంటుంది. ముందే విడదీస్తే ఆ పాఠం మీ చేతుల మీద నేర్చుకుంటుంది. తల్లిని చూపించమని అడగండి. చూపించకపోతే తిరిగి వచ్చేయండి.

మొదటి వారం: డాక్టరు, కార్డు

ఇంటికి తెచ్చిన రెండు మూడు రోజుల్లో పశువైద్యుడికి చూపించి టీకాల కార్డు తీసుకోండి. ఆ కార్డును ఆధార్ కార్డుతో సమానంగా దాచుకోండి. కార్పొరేషన్ లైసెన్సుకీ, ప్రయాణాలకీ, రేపు ఎవరినైనా కొరికితే మీ మాట నిలబడటానికీ అదే ఆధారం.

కుక్కపిల్లకు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదటి టీకా పడాలి. డిస్టెంపర్, పార్వో, హెపటైటిస్, లెప్టో లాంటి జబ్బులకు కలిపి ఒకే ఇంజెక్షన్ వస్తుంది. పదహారు వారాలు వచ్చేదాకా మూడు నాలుగు వారాలకోసారి మళ్ళీ వేయించాలి. ఒక్కటి వేయించి ఊరుకుంటే లాభం లేదు. తల్లిపాల నుంచి వచ్చిన రక్షణ ఇంకా ఒంట్లో ఉండగా వేసిన టీకా పనిచేయకపోవచ్చు, అందుకే మళ్ళీ మళ్ళీ వేస్తారు. రేబిస్ టీకా మూడు నెలలు నిండాక. నెల తర్వాత బూస్టర్, ఆపైన ఏటా. పిల్లికూనకు ఎనిమిది వారాలప్పుడు మూడు జబ్బులకు కలిపి ఇచ్చే టీకా, మూడు నెలలకు రేబిస్. ఇంట్లోంచి కదలని పిల్లికి రేబిస్ టీకా ఎందుకంటారా? తలుపు సందులోంచి ఒక్కసారి జారుకుంటే చాలు.

ఖర్చు గురించి బెంగ ఉంటే, ఏటా జులై 6న, ప్రపంచ జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల) దినం నాడు, రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఉచితంగా రేబిస్ టీకాలు వేస్తుంటారు. 1885లో అదే రోజున లూయీ పాశ్చర్ కుక్క కరిచిన ఓ తొమ్మిదేళ్ళ బాలుడికి తొలి రేబిస్ టీకా వేశాడు. హైదరాబాద్‌లో నారాయణగూడ ప్రభుత్వ పశువైద్యశాల, రాజేంద్రనగర్‌లోని వెటర్నరీ కాలేజీ, ఆంధ్రలో గన్నవరం, తిరుపతి వెటర్నరీ కాలేజీల ఆసుపత్రులు కుక్కల్నీ పిల్లుల్నీ చూస్తాయి. క్యూ ఉంటుంది, ఓపిక పట్టాలి, కానీ పెద్ద డాక్టర్లు ఉంటారు.

టీకాలు పూర్తయ్యేదాకా కుక్కపిల్లను వీధిలో నేల మీద వదలొద్దు. పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతికి ఉంటుంది. వాంతులు, రక్తంతో నీళ్ళ విరేచనాలు మొదలైతే రేపు చూద్దాం అనుకోకుండా ఆ గంటలోనే ఆసుపత్రికి పట్టుకెళ్ళాలి. అయితే ఈ వంకతో దాన్ని నాలుగు నెలలు గదిలో మూసేయడమూ తప్పే. మూడు నుంచి పధ్నాలుగు వారాల మధ్య చూసినవీ విన్నవీ దానికి జన్మంతా మామూలైపోతాయి. చంకనెత్తుకుని ఆటో చప్పుడు వినిపించండి, గొడుగు, హెల్మెట్, చీపురు పట్టుకున్న మనుషుల్ని చూపించండి. పెద్దయ్యాక హెల్మెట్ చూడగానే మొరిగే కుక్కల్లో చాలావాటికి చిన్నప్పుడు హెల్మెట్ పరిచయం లేదు.

నులిపురుగుల మందు మూడు నెలల వయసు దాకా రెండు వారాలకోసారి, ఆరు నెలల దాకా నెలకోసారి, తర్వాత మూడు నెలలకోసారి ఇవ్వాలి. పిడుదుల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, మన ఊళ్ళల్లో కుక్కల ప్రాణం తీసేవాటిలో అవి ముఖ్యమైనవి. పిడుదులు మోసుకొచ్చే జ్వరంలో కుక్క తిండి మానేస్తుంది, చిగుళ్ళు పాలిపోతాయి, ఒక్కోసారి ముక్కులోంచి రక్తం వస్తుంది. కుక్క ఒంటి మీద కనిపించేవి కొన్నే, మిగతావి గోడ పగుళ్ళలో, తలుపు ఫ్రేముల వెనక గుడ్లు పెట్టుకుని ఉంటాయి. కుక్కకు మందు వేసి ఇంటిని వదిలేస్తే నెల తిరక్కుండా మళ్ళీ పట్టుకుంటాయి. రెంటికీ ఒకేసారి మందు వేయాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. కుక్కల మెడ మీద వేసే పిడుదుల మందుల్లో కొన్నింట్లో పెర్మెత్రిన్ ఉంటుంది. అది పిల్లికి విషం. ఇంట్లో రెండూ ఉంటే డాక్టర్ని అడగకుండా ఏ మందూ వేయొద్దు. అలాగే జ్వరం వచ్చిందని మనం వేసుకునే పారాసిటమాల్ పిల్లికి ఒక్క మాత్ర వేసినా చచ్చిపోవచ్చు. ఐబుప్రొఫెన్ కుక్కకీ ప్రమాదమే. పైగా అసలు జ్వరమో కాదో చూడాలి: మనకు ఒళ్ళు కాలిపోయే 102 ఫారన్‌హీట్ వాటికి మామూలు వేడే.

తిండి

పెరుగన్నం మీద బతికిన కుక్కలు మన ఇళ్ళల్లో కోకొల్లలు. బతకడం వేరు, బలంగా ఉండటం వేరు. కుక్కకు మాంసకృత్తులు కావాలి. అన్నంతోపాటు ఉడికించిన చికెన్, గుడ్డు, కాస్త గుమ్మడికాయో క్యారెట్టో కలపండి, ఉప్పూకారం లేకుండా. ఇది కుదరదంటే వయసుకు తగిన మంచి కంపెనీ తిండి పెట్టండి. శాకాహార కుటుంబమైతే డాక్టరుతో మాట్లాడి కుక్కకు ఒక దారి చూసుకోవచ్చు. పిల్లికి మాత్రం ఆ దారి లేదు. మాంసంలో ఉండే టారిన్ అనే పదార్థం అందకపోతే దాని చూపు పోతుంది, గుండె దెబ్బతింటుంది. ఇంట్లోకి మాంసం రానివ్వని వాళ్ళు పిల్లిని తెచ్చుకోకపోవడమే దానికి మేలు. పిల్లంటే పాలు అన్న నమ్మకం కూడా కథల్లోది, చాలా పెద్ద పిల్లులకు పాలు అరగవు, విరేచనాలవుతాయి.

పెట్టకూడనివి: ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్. అంటే బిర్యానీ మిగిలిందనీ, పాయసం మిగిలిందనీ గిన్నె దాని ముందు పెట్టేస్తే పైవాటిలో ఏదో ఒకటి లోపలికి పోతుంది. ఉడికిన కోడి ఎముక పుల్లల్లా చీలి పేగుకు గుచ్చుకుంటుంది. మామిడికాయల కాలంలో టెంకలు మింగి పేగు మూసుకుపోయి ఆపరేషన్ దాకా వెళ్ళే కుక్కలుంటాయి, టెంకలు వేసే చెత్తబుట్టకు మూత ఉండాలి. బీరువాలో పెట్టే కలరా ఉండలు, ఎలుకల మందు వాటికి అందకూడదు. ఫినాయిల్‌తో తుడిచిన నేల మీద నడిచి కాళ్ళు నాక్కునే పిల్లికి అదీ హానే.

తలుపు దాటాక

2023 జనవరిలో హైదరాబాద్ బంజారాహిల్స్‌లోని ఒక అపార్ట్‌మెంట్‌లో ఫుడ్ డెలివరీకి వచ్చిన యువకుడిని పెంపుడు జర్మన్ షెపర్డ్ తరిమింది. అతను భయంతో పరిగెత్తి మూడో అంతస్తు నుంచి పడి, తర్వాత ఆసుపత్రిలో చనిపోయాడు. కుక్క కొరకలేదు. తలుపు తీసిన క్షణంలో అది అడ్డు లేకుండా బయటికి రావడమే ప్రాణం తీసింది.

కాబట్టి కాలింగ్ బెల్ మోగితే ముందు కుక్కను గదిలో వేసి తలుపేయండి, తర్వాతే మెయిన్ డోర్ తీయండి. ఇది ఇంట్లో అందరికీ అలవాటు కావాలి, ముఖ్యంగా బెల్ వినగానే ఉరికే పిల్లలకు. గుమ్మానికి గ్రిల్ గేటు ఉంటే ఇంకా మంచిది. డెలివరీ యాప్‌లో "ఇంట్లో కుక్క ఉంది, గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళండి" అని రాసి ఉంచండి. పనిమనిషి వచ్చే వేళకు కుక్కను కట్టేయండి. "అలవాటైపోతుందిలే అమ్మా" అని ఆవిడకు నచ్చజెప్పొద్దు. జీతం కోసం భయాన్ని మింగుకుని వచ్చే మనిషి మీకు ఎదురు చెప్పదు.

"మావాడు ఏమీ చేయడండీ" అన్న మాట కుక్క యజమానులందరి నోటా వస్తుంది. ఆ మాట మానేయండి. అవతలి మనిషి మీ కుక్క స్వభావం గురించి అడగడం లేదు, తాడు దగ్గరికి లాక్కోమంటున్నాడు. ఇంటి తలుపు దాటిన క్షణం నుంచి మళ్ళీ లోపలికి వచ్చేదాకా కుక్క మెడకో ఒంటికో పట్టీ, ఆ పట్టీ తాడు పెద్దవాళ్ళ చేతిలో. లిఫ్ట్‌లో కుక్కను మూలకు నిలబెట్టి మీరు దానికీ మిగతావాళ్ళకీ మధ్య నిలబడండి. లోపల ఎవరైనా ఉంటే "రావచ్చా?" అని అడగండి, వాళ్ళు తటపటాయిస్తే తర్వాతి లిఫ్ట్ ఎక్కండి. పెద్ద కుక్కను పదేళ్ళ పిల్లవాడి చేతికిచ్చి కిందికి పంపడం, వాచ్‌మన్ కొడుక్కి యాభై రూపాయలిచ్చి తిప్పించడం రెండూ వద్దు. అది లాగితే వాళ్ళు ఆపలేరు.

పెంట విషయం. పాత పేపరు, ఒక కవరు జేబులో పెట్టుకుని వెళ్ళండి. కుక్క కూర్చోగానే కింద పేపరు జరిపితే నేలకు అంటనే అంటదు, కొన్నాళ్ళకు ఇద్దరికీ అలవాటవుతుంది. మీ గేటు ముందు కాకపోయినా ఎత్తాలి, ఎవరూ చూడకపోయినా ఎత్తాలి. పొద్దున్నే కళ్ళాపి చల్లి ముగ్గు వేసిన వాకిలి మీద మీ కుక్క కాలెత్తితే ఆ ఇంటావిడ తిట్టే తిట్లు మీకే తగలాలి, కుక్కకు కాదు. ఒక నీళ్ళ సీసా వెంట ఉంచుకుని కార్ల టైర్ల మీదా, మెట్ల దగ్గరా పోసిన చోట కడిగేయండి.

మొరుగుడు గురించి పక్క ఫ్లాట్‌వాళ్ళను మీరే వెళ్ళి అడగండి: "మేం లేనప్పుడు మొరుగుతోందా?" అని. మీరు ఇంట్లో ఉండరు కాబట్టి మీకు తెలియదు. గంటల తరబడి మొరిగే కుక్క చాలాసార్లు ఒంటరితనంతోనో, ఒళ్ళు అలవక పోవడంతోనో మొరుగుతుంది. పొద్దున అరగంట నడక, ఆఫీసుకు వెళ్ళే ముందు నమిలే బొమ్మ, మధ్యాహ్నం ఎవరైనా ఒకసారి వచ్చి తిప్పడం, ఇవి కేకలకంటే బాగా పనిచేస్తాయి. ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కను తిప్పకపోవడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం కూడా.

పాస్ పోసినచోట ముక్కు రాయడం, పేపరుతో కొట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు. మీరు చూస్తుండగా పోయకూడదని మాత్రం నేర్చుకుని సోఫా వెనక పోస్తుంది. నిద్ర లేవగానే, తిన్నాక, ఆడాక బయటికో, దానికి కేటాయించిన చోటుకో తీసుకెళ్ళండి. పని కాగానే చిన్న చికెన్ ముక్క పెట్టండి. చిన్నపిల్లయితే రెండు గంటలకోసారి.

లైసెన్సు మరిచిపోవద్దు. జీహెచ్‌ఎంసీ (హైదరాబాద్ నగర కార్పొరేషన్) పరిధిలో పెంపుడు కుక్కకు లైసెన్సు తప్పనిసరి. రేబిస్ టీకా సర్టిఫికెట్ దగ్గర పెట్టుకుని దరఖాస్తు చేసుకోవాలి. మిగతా ఊళ్ళవాళ్ళు మీ కార్పొరేషన్ లేదా మున్సిపల్ ఆఫీసులో అడగండి. మీ నిర్లక్ష్యం వల్ల జంతువు ఎవరికైనా ప్రమాదం తెస్తే భారతీయ న్యాయ సంహిత 291 సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, ఐదు వేల దాకా జరిమానా ఉన్నాయి.

కొరికితే, గీరితే

మీ కుక్కే అయినా, టీకాలు వేసినదే అయినా, పిల్లి గోరు గీరుకున్నా, వరుస ఇదే.

1. గాయాన్ని ధారగా పడే నీళ్ళ కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. గడియారం చూసి కడగండి, లేకపోతే రెండు నిమిషాలకే పదిహేను అయినట్టనిపిస్తుంది. రేబిస్ వైరస్‌ను తగ్గించడంలో ఈ పనికి చాలా విలువ ఉంది.

2. కారం, పసుపు, సున్నం, ఆకుపసరు ఏదీ పెట్టొద్దు. గట్టిగా కట్టు కట్టొద్దు.

3. ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. రేబిస్ టీకాలు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్), నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి ఇందుకు అందరికీ తెలిసిన చోట్లు. చర్మంలోకి వేసే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో టీకాలుంటాయి. బొడ్డు చుట్టూ పధ్నాలుగు ఇంజెక్షన్ల కాలం ఎప్పుడో పోయింది, ఆ భయంతో ఆగొద్దు. చర్మం తెగి రక్తం వస్తే గాయం చుట్టూ వేసే ఇమ్యునోగ్లోబులిన్ అనే మందు కూడా అవసరం, మీరే గుర్తుచేసి అడగండి.

4. కొరికిన కుక్కను లేదా పిల్లిని పది రోజులు కనిపెట్టి చూడాలి. చంపడం, దూరంగా వదిలేయడం చేస్తే ఆ పరిశీలనకు వీలుండదు. పది రోజులు చూశాక ఇంజెక్షన్లు మొదలుపెడదాం అనుకోవద్దు, మొదలుపెట్టి చూడాలి. లక్షణాలు బయటపడ్డాక రేబిస్‌కు మందు లేనట్టే.

మీ కుక్క కొరికితే వాదించకుండా మీరే ఆ మనిషిని ఆసుపత్రికి తీసుకెళ్ళండి, ఖర్చు పెట్టుకోండి, టీకాల కార్డు చూపించండి. తిరిగొచ్చాక ఎందుకు కొరికిందో ఆలోచించండి. తింటున్నప్పుడు చేయి పెట్టారా, నిద్రలో లేపారా, ఒంట్లో ఎక్కడైనా నొప్పుందా? నెమ్మదైన కుక్క హఠాత్తుగా కొరికితే ముందు డాక్టరుకు చూపించాలి.

ఎండ, టపాకాయలు

ఎండాకాలంలో తారురోడ్డు మీద మీ అరచేతి వెనక భాగం ఆనించి చూడండి. ఏడు సెకన్లు ఉంచలేకపోతే దాని పాదాలూ ఉంచలేవు. పొద్దున ఆరున్నరలోపు, రాత్రి ఎనిమిది తర్వాత తిప్పండి. కారులో అద్దం కాస్త దించి అయిదు నిమిషాల్లో వస్తానని కుక్కను వదిలి వెళ్ళొద్దు. విపరీతంగా వగరుస్తూ, చొంగ కారుస్తూ, తూలుతుంటే వడదెబ్బే. నీడకు చేర్చి మామూలు నీళ్ళతో ఒళ్ళంతా తడిపి ఫ్యాన్ పెట్టండి, ఆ తర్వాత ఆసుపత్రికి. ఐసు నీళ్ళు పోయొద్దు, నోట్లో నీళ్ళు బలవంతంగా పోయొద్దు.

దీపావళి సాయంత్రం చీకటి పడకముందే తిప్పి తెచ్చి, కిటికీలు మూసి, టీవీయో ఫ్యానో పెట్టి లోపలి గదిలో ఉంచండి. ఆ రాత్రి బెదిరి పారిపోయే కుక్కలు ఎక్కువ కాబట్టి మెడ పట్టీకి మీ ఫోన్ నంబరున్న బిళ్ళ ఉండాలి. వీలైతే చర్మం కింద పెట్టే గుర్తింపు మైక్రోచిప్ కూడా వేయించండి.

పిల్లి ఉన్న ఇంట్లో

పావురాల కోసం కట్టిన నైలాన్ వలను నమ్ముకుని పిల్లిని బాల్కనీలో వదలొద్దు. దాన్ని అది కొరికేయగలదు. కిటికీలకు, బాల్కనీకి స్టీలు మెష్ వేయించాకే తెచ్చుకోండి. పిల్లి ఎంత ఎత్తు నుంచి పడినా కాళ్ళ మీదే పడుతుందంటారు. పడొచ్చు, కాళ్ళూ దవడా విరగ్గొట్టుకుని.

ఎన్ని పిల్లులుంటే అంతకు ఒకటి ఎక్కువ చొప్పున లిట్టర్ ట్రేలు (పిల్లి మలమూత్రాలకు పెట్టే పళ్ళేలు) పెట్టాలి, తిండిగిన్నెకు దూరంగా, మనుషుల రాకపోకలు లేని మూలన. రోజూ తీయాలి. ట్రే వదిలేసి మీ పరుపు మీద పోస్తోందంటే కక్ష అనుకోవద్దు. ట్రే మురికిగానన్నా ఉండాలి, దానికి మూత్రనాళంలో ఇబ్బందన్నా ఉండాలి. ముఖ్యంగా మగపిల్లి మాటిమాటికీ కూర్చుని ముక్కుతూ చుక్క కూడా రాకపోతే అది ప్రాణం మీదికి వచ్చినట్టే, రాత్రయినా డాక్టరును వెతుక్కుని వెళ్ళాలి.

కోడలికి నెల తప్పిందని తెలియగానే పిల్లిని ఎక్కడో వదిలేసే ఇళ్ళున్నాయి. ఆ భయం టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి గురించి. అది పిల్లి పెంటలో బయటికి వచ్చినా, అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. కాబట్టి ట్రేను రోజూ శుభ్రం చేయాలి, ఆ పని గర్భిణి కాకుండా ఇంకొకరు చేయాలి, పిల్లికి పచ్చిమాంసం పెట్టకూడదు. ఇంతే. మిగతా జాగ్రత్తలు ఆవిడ డాక్టరును అడిగి తెలుసుకోవచ్చు. పిల్లిని పంపేయాల్సిన పనిలేదు.

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్

ఒక్క ఈతన్నా కానివ్వాలి, లేకపోతే పాపం అంటారు పెద్దవాళ్ళు. కుక్క అరవై మూడు రోజుల్లో ఈనుతుంది, ఆరేడు పిల్లలు పుట్టొచ్చు. ఆ ఆరేడింటికీ పైన చెప్పినదంతా చేసే ఆరేడు ఇళ్ళు మీకు తెలుసా అన్నదే నా ప్రశ్న. తెలియకపోతే అందులో కొన్ని వీధి పాలే. ఆపరేషన్ చేయించని ఆడకుక్కకు పెద్ద వయసులో గర్భసంచిలో చీము పట్టే జబ్బు రావచ్చు, అది ప్రాణాంతకం. పిల్లులైతే నాలుగైదు నెలలకే ఎదకు రాగలవు, ఏడాదికి రెండు మూడు ఈతలు. సరైన వయసు జాతిని బట్టి మారుతుంది, డాక్టరు చెప్పినప్పుడు చేయించండి. తర్వాత ఒళ్ళు వస్తుంది కాబట్టి తిండి కొంచెం తగ్గించాలి.

మీ వీధికుక్కల్లో చెవి చివర కోత ఉన్నవాటికి ఆ ఆపరేషన్ అయినట్టు గుర్తు. మీరు వాటికి అన్నం పెట్టేవాళ్ళయితే, 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు చెప్పినట్టు పిల్లలు ఆడేచోటుకూ మెట్లకూ దూరంగా ఒక చోటు అసోసియేషన్‌తో కలిసి నిర్ణయించుకోండి. పెట్టి వెళ్ళిపోకుండా విస్తరి తీసేసి రండి, కోత లేనివాటి గురించి కార్పొరేషన్‌కు చెప్పండి.

ఊరికి వెళ్ళేటప్పుడు

సంక్రాంతికి టికెట్లు బుక్ చేసేటప్పుడే దీన్ని ఎక్కడుంచాలో తేల్చుకోండి. బోర్డింగ్‌లో (డబ్బు తీసుకుని పెంపుడు జంతువులను చూసుకునే చోట) వదలాలంటే ముందొకసారి వెళ్ళి చూడండి, టీకాల కార్డు అడగని చోట వదలొద్దు. పిల్లిని ఇంట్లోనే ఉంచి తెలిసినవాళ్ళు రోజూ వచ్చి చూసేలా ఏర్పాటు చేయడం దానికి సుఖం. రైల్లో అయితే ఫస్ట్ ఏసీలో కూపే గానీ క్యాబిన్ గానీ మొత్తం మీ పేరునే ఉంటే కుక్కను వెంట తీసుకెళ్ళొచ్చు. సెకండ్, థర్డ్ ఏసీల్లో, స్లీపర్‌లో కుదరదు, బ్రేక్‌వ్యాన్‌లోని (గార్డు, సామాన్ల బోగీలోని) పెట్టెలో వేయాల్సి వస్తుంది. వేసవిలో ఆ పెట్టెలో నేనైతే వేయను. పార్సిల్ ఆఫీసులో ముందుగా బుక్ చేయించాలి, బయల్దేరే నాలుగు గంటల ముందు నుంచి తిండి తగ్గించాలి.

ఇక ఉంచుకోలేకపోతే

బదిలీ, జబ్బు, విదేశం, కారణాలు నిజమైనవే ఉంటాయి. రింగురోడ్డు మీద దింపి రావడం మాత్రం దారి కాదు. 1960 చట్టం ప్రకారం అది నేరం. మొదటిసారికి జరిమానా పది నుంచి యాభై రూపాయలే కాబట్టి చట్టానికి భయపడేవాళ్ళు తక్కువ. ఇంట్లో పెరిగిన కుక్కకు ఆ వీధి కుక్కలు చోటివ్వవు, ట్రాఫిక్ తెలియదు, చెత్తలో తిండి వెతుక్కోవడం రాదు.

కనీసం రెండు మూడు నెలల ముందు వెతకడం మొదలుపెట్టండి. ముందు దాన్ని ఎరిగిన బంధువులను, స్నేహితులను అడగండి, తర్వాత మీ డాక్టరును. ఊరికే ఇస్తున్నామని అందరికీ తెలిసేలా ఫొటో పెడితే దాన్ని ఈనించి పిల్లలను అమ్ముకోవడానికి తీసుకెళ్ళేవాళ్ళూ వస్తారు కాబట్టి, ఆపరేషన్ చేయించాకే ఇవ్వండి. తీసుకునేవాళ్ళ ఇంటికి మీరే వెళ్ళి చూడండి. దాని అలవాట్లు దాచొద్దు: పిల్లలంటే పడదనో, తినేటప్పుడు గుర్రుమంటుందనో ఉన్నదున్నట్టు చెప్పండి, లేకపోతే వారంలో తిరిగొస్తుంది. టీకాల కార్డు, లైసెన్సు కాగితం, అది తినే తిండి వారానికి సరిపడా, పడుకునే పాత దుప్పటి కలిపి ఇవ్వండి. లైసెన్సు కొత్తవాళ్ళ పేరు మీదికి మార్పించండి, మెడ బిళ్ళ మీది ఫోన్ నంబరు కూడా.